రెండు నవారు పట్టీలు

మిషిగన్,
మార్చి 20, 1982.

పూజ్యురాలైన అమ్మకు,

నీ హైమ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, మీ అల్లుడుగారూ ఒంట్లో బాగానే ఉన్నాము. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గిందనీ, చిన్నక్కయ్య పురిటికి వచ్చి సుఖంగా ఉందనీ తెలిసి సంతోషించాను. నీ ఉత్తరం పదిహేడు రోజులకు చేరింది. దారిలో ఎక్కడో మంచులో పడింది కాబోలు, ఒక మూల సిరా అంతా అలుక్కుపోయింది. అక్కడ ఏం రాశావో తెలియలేదు గాని, నేను సరిగ్గా తినడం లేదన్న సంగతే అయి ఉంటుందని ఊహించుకున్నాను.

అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. మాగాయ చేరింది. మూత దగ్గర నూనె కారింది గాని రుచి చెడలేదు. తలంటు పోసుకుని తడి జుట్టుతో బయటికి వెళ్ళడం లేదు. ఒకసారి వెళితే జడ చీపురుకట్టలా బిగుసుకుపోయింది, అప్పటినుంచీ బుద్ధి వచ్చింది. విశేషం ఏమీ లేదు. ఉంటే ముందు నీకే రాస్తాను, ప్రతి ఉత్తరంలోనూ అడగకు. ఉద్యోగానికి వీసా ఒప్పుకోదు. ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివి రోజుకు మూడుసార్లు కిటికీ అద్దం తుడుస్తున్నాను. నాతో కాలేజీలో చదివిన వసుమతి డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఉందని రాశాను కదా, ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. "ఏమే, ఇంకా ఆ మంచుగడ్డలోనే ఉన్నావా? డెట్రాయిట్ వైపు ఏదైనా హాస్పిటల్ చూసుకోమను మీ ఆయన్ని, నెలకోసారి తెలుగు సినిమా అయినా వేస్తారు" అంటుంది. అక్కడికి కారులో తొమ్మిది గంటలు. ఈ పన్నెండు పడకల ఆస్పత్రికి మీ అల్లుడుగారు ఒక్కరే డాక్టరు. ఎక్కడికని పోతాం?

ఇంక మిగిలింది ఒక్కటి. అన్నింటికంటే ముచ్చటపడి అడిగావు: "నీ నవారు బండి ఎలా నడుస్తోంది? ఆ ముసలాయన కులాసాగా ఉన్నాడా?" అని. జనవరిలో నేను రాసిన ఉత్తరం విజయశ్రీ పిన్నికి చదివి వినిపించావట, ఆవిడ ఏలూరు నవారు అమెరికాలో బండి నడుపుతోందని వీధంతా చాటిందట. అమ్మా, ఆ ఉత్తరంలో నేను రాసినవి గొప్పలు. ఈసారి మొదటినుంచీ ఉన్నదున్నట్టు రాస్తాను. ఇది మాత్రం ఎవరికీ చదివి వినిపించకు.

పక్కింటి ఆర్వో గారికి డెబ్బై నాలుగేళ్ళు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఒంటరిగా ఉంటారు, కట్టెలు తనే కొట్టుకుంటారు. ఆయన దగ్గరొక స్నోమొబైల్ ఉంది, మంచు మీద నడిచే బండి. ముందు మంచు మీద జారే రెండు బద్దలు, వాటిని స్కీలంటారు, కింద చక్రాలకు బదులు గుండ్రంగా తిరిగే వెడల్పాటి రబ్బరు ట్రాక్, మోటారు సైకిల్లా ఎక్కి కూర్చోవాలి. రోడ్లు మూసుకుపోయినప్పుడు మీ అల్లుడుగారిని ఆస్పత్రికి చేర్చేది ఆ బండే. కొడుకు డేల్ నాలుగు గంటల దూరంలో గ్రీన్ బేలో ఉంటాడు. తండ్రిని నర్సింగ్ హోమ్‌లో చేరమని రెండేళ్ళుగా పోరుతున్నాడు. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళోలాగా పురుళ్ళు పోసే చోటు కాదు, ముసలివాళ్ళను ఉంచే చోటు. "బండి నడిపినన్నాళ్ళూ నేను ఎక్కడికీ కదలను" అనేవారు ఆర్వో గారు.

కిటికీ దగ్గర నాకు వేరే పనేముంది, ఆయన బండి మలుపు తిరగడం రోజూ చూసేదాన్ని. ట్రాక్ అచ్చు మంచులో లోతుగా పడేది, మలుపులో స్కీల గాట్లు మాత్రం పైపైన గీసినట్టుండేవి. ఆయన స్కీల కింది ఇనప కడ్డీలు అరిగాయనుకుని కొత్తవి వేశారు. అయినా అంతే. ఒకరోజు వెళ్ళి చెప్పాను, "కడ్డీలు కాదండీ, బండి మూతి తేలిపోతోంది" అని.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మిసెస్ డాక్టర్, ఈ బండి ఎన్నిసార్లు నడిపావు?" అన్నారు.

"ఒక్కసారి కూడా లేదు."

"అయితే నీకే బాగా తెలిసుంటుంది. నడిపేవాడికి వెనకాల అచ్చులు కనపడవు" అని గరాజ్ తలుపు తీశారు.

పాత దుప్పటి పరిచి బండిని పక్కకు పడుకోబెట్టాం. ట్రాక్ లోపల, కింది చట్రం ముందు భాగాన్ని బండికి కట్టి పట్టుకునే రెండు పట్టీలున్నాయి, నాలుగు వేళ్ళ వెడల్పున. రబ్బరులో గుడ్డ పొదిగి చేస్తారు. కొలిచి చూస్తే ఒకటి రెండోదానికంటే అంగుళం పొడుగు సాగింది. బోల్టు కంత దగ్గర చీలి పోగులు బయటికొచ్చాయి. పట్టీ సాగితే చట్రం కిందికి దిగి మంచును తంతుంది, మూతి పైకి లేస్తుంది, స్కీలు మంచును కరవవు. హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగా పోతుంది. అంతే సంగతి. నాకు పరీక్ష పాసైనంత సంబరం వేసింది.

ఆ బండి చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. షాపువాడికి ఫోన్ చేస్తే పట్టీలు ఎక్కడినుంచో తెప్పించాలి, నెల పడుతుందన్నాడు. తెప్పించమని చెప్పి, వచ్చేదాకా ఆగుదామన్నారు ఆర్వో గారు. ఆగనిది నేను. విమానంలో పెట్టె ఊడిపోతుందని నువ్వు చుట్టి పంపిన నవారు అలాగే ఉంది. నాలుగు మడతలు వేసి, మైనం రుద్దిన దారంతో ఒత్తుగా కుట్టి, మేకు కాల్చి కంతలు పెట్టి, వాషర్లు వేసి రెండు పట్టీలు బిగించాను. మర్నాడు మలుపులో స్కీల గాట్లు కత్తితో కోసినట్టు పడ్డాయి. ఆ రాత్రే నీకు ఉత్తరం రాశాను.

నూలు తడి పీలుస్తుందని నాకు తెలియదా అమ్మా? ట్రాక్ విసిరిన మంచు నవారులోకి ఇంకుతుంది, గరాజ్‌లో గడ్డకడుతుంది, మర్నాడు ఆ గడ్డ మీదే వంగుతుంది. పొడిగా ఉన్నప్పుడు మంచం మీద నలుగురిని మోసేంత బలం, గడ్డకట్టి వంగితే బోల్టు దగ్గర ఒక్కొక్క పోగే తెగుతుంది. తెలిసిందే. ఆలోచించలేదు, అంతే.

ఫిబ్రవరి పద్నాలుగు, ఆదివారం పొద్దున, సరస్సు పక్క మలుపులో బండి తిరగలేదు. తిన్నగా పోయి బర్చ్ చెట్లను గుద్దుకుంది. ఆర్వో గారికి భుజం ఎముకా, రెండు పక్కటెముకలూ విరిగాయి. ఎదురింటివాళ్ళ జీపుతో బండిని లాక్కొచ్చి గరాజ్‌లో పెట్టాం. అందరూ వెళ్ళాక వంగి చూశాను. కుడివైపు నవారు తెగి వేలాడుతోంది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాను. మీ అల్లుడుగారు పక్కనే నిలబడి కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. ఆర్వో గారు కళ్ళు తెరవగానే మొదటి మాట అదే అడిగారు: "పట్టీలు నిలిచాయా?"

"బాగానే ఉన్నాయి. నేనే చూశాను" అన్నాను.

ఆయన పైకప్పు వంక చూస్తూ, "అయితే లోపం నాదే" అన్నారు.

మా గ్రీన్ కార్డు కాగితాలు ఇంకా రాలేదు, కేసులూ గొడవలూ అవుతాయని భయపడ్డానని నీకు రాయవచ్చు. కొన్నాళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. అది కాదమ్మా. ఈ ఊళ్ళో నాకొక పని చేతనవునని అనుకున్న మనిషి ఆయనొక్కరే. ఆ నమ్మకం ఆయన మొహంలోంచి పోవడం చూడలేకపోయాను.

గురువారం పోస్టులో అసలు పట్టీలు వచ్చాయి. వెళ్ళి బిగించాను. వంగిన స్కీ సాపు చేశాను. బాగుచేసి పెడుతున్నాను కదా అనుకున్నాను. నవారు ముక్కలు రెండూ గరాజ్‌లోని పొయ్యిలో వేశాను. తడిగా ఉండి ఎంతకీ అంటుకోలేదు, అంటుకునేదాకా అక్కడే నిలబడ్డాను.

శనివారం డేల్ వచ్చాడు. మంచివాడే. బండి తీసి సరస్సు మీద నాలుగు చుట్లు తిప్పి చూశాడు. తిన్నగా ఆస్పత్రికి వచ్చి, నా ఎదురుగానే, "మెషీన్‌లో ఏ లోపమూ లేదు డాడ్. చెప్పినట్టు వింటోంది" అన్నాడు. అప్పుడైనా నేను నిజం చెప్పలేదు. ఒంటరిగా ఉండడం ఇక క్షేమం కాదని మీ అల్లుడుగారు ఉత్తరం రాసి సంతకం పెట్టారు. ఆయనకు తెలిసినంతలో అది సబబే. నెలాఖరుకు ఆర్వో గారిని గ్రీన్ బే తీసుకెళ్ళిపోయారు. ఇప్పుడు ఆయన ఇంటి ముందు అమ్మకానికని బోర్డు ఉంది.

పన్నెండు రోజులు ఓర్చుకున్నాను. తర్వాత కారు తీసుకుని ఒక్కదాన్నే నాలుగు గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాను. ఆ నర్సింగ్ హోమ్‌లో అందరూ టీవీ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు, ఆర్వో గారు కిటికీ వైపు తిరిగి ఉన్నారు. గడ్డం ఎవరో నున్నగా గీసేశారు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. తెగిన పట్టీ, చెప్పిన అబద్ధం, పొయ్యి, ఏదీ దాచలేదు.

అంతా విని ఆయన నవ్వారమ్మా.

"మిసెస్ డాక్టర్, నీకు అబద్ధం చెప్పడం రాదు" అన్నారు. "ఆస్పత్రిలో పట్టీలు బాగున్నాయని చెప్పినప్పుడు నీ రెప్ప కూడా కదల్లేదు. ఇవాళ చూడు, చేతులెలా వణుకుతున్నాయో. ముసలాడి మనసు కుదుటపరుద్దామని ఇంతదూరం వచ్చావు."

"దేవుడి మీద ఒట్టు, నిజమే చెబుతున్నాను."

"ఆ ముక్కలు తెచ్చావా?"

"కాల్చేశానని చెప్పాను కదండీ."

"చూశావా" అని నా చెయ్యి తట్టారు. "నేను ఆలస్యంగా తిప్పాను. నాకు గుర్తుంది." ఆయనకు నిజంగానే అలా గుర్తుంది. నెలరోజులుగా పడుకుని అదే తలుచుకుని తలుచుకుని గుర్తు చేసుకున్నారు.

ఇంటికొచ్చి మీ అల్లుడుగారికి చెప్పాను. ఆయన అన్నం పళ్ళెం పక్కకు జరిపారు. "నాతో అయినా చెప్పాల్సింది హైమా" అన్నారు. తిట్టినా బాగుండేది. వెంటనే డేల్‌కి ఫోన్ చేసి, తన ఉత్తరం వెనక్కి తీసుకుంటానన్నారు. అవతలనుంచి డేల్ మాటలు నాకూ వినబడుతూనే ఉన్నాయి. "డాక్టర్, మీ ఆవిడ మనసు చాలా మంచిది. డాడ్ చెప్పారు, ఆమె వచ్చి వెళ్ళిందని. కాని తప్పు తనదేనని డాడే ఒప్పుకుంటున్నారు. ఇంక ఆయన్ని కదిలించకండి" అన్నాడు. మీ అల్లుడుగారు ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండా పడకగదిలోకి వెళ్ళిపోయారు.

ఆ రోజు నర్సింగ్ హోమ్ నుంచి నేను బయలుదేరేముందు ఆర్వో గారు నన్నొకటి అడిగారు. ఇల్లు అమ్ముడయ్యేదాకా బండిని వారానికోసారి తీసి నడపమన్నారు, ఊరికే ఉంచితే ఇంజన్ పట్టేస్తుందని. "నాకింక దాంతో పనిలేదు. నువ్వు నేర్చుకో" అన్నారు.

నిన్న పొద్దున తీశాను. ముందు భయం వేసింది, తర్వాత చెయ్యి కుదిరింది. సరస్సు చుట్టూ వెళ్ళి, ఆ బర్చ్ చెట్ల మలుపు దగ్గర కావాలనే వేగం తగ్గించకుండా తిప్పాను. తిరిగింది. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకా గట్టిగా తిప్పాను. తిరిగింది. మూడోసారి, ఆర్వో గారు తాను తిప్పానన్నట్టే, హ్యాండిల్ ఆలస్యంగా, చాలా ఆలస్యంగా తిప్పాను, కళ్ళు మూసుకున్నంత పని చేశాను. అయినా స్కీలు మంచును కరిచి పట్టుకుని, చెట్లకు అరగజం దూరంలో, బండి తిరిగిందమ్మా.

ఇట్లు,
ఏమి చేయాలో తోచని నీ చిన్న కూతురు,
హైమ