కిందికి వంచిన స్వరం

బాపూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఈ ఎండాకాలం బెల్లంపల్లి చర్చి హాల్లో ఒక ముసలి సారు జాజ్, బ్లూస్ సంగీతం నేర్పుతున్నాడు. గని డ్యూటీ నుంచి వచ్చాక నువ్వు పెళ్లి బ్యాండులో వాయించిన క్లారినెట్ పట్టుకుని నేనూ చేరాను.

మొదటి రోజు నుంచీ సారు చూపు దాని మీదే ఉంది. కాజేస్తాడేమోనని, నీళ్లు తాగడానికి పోయినా వెంట తీసుకుపోయేదాన్ని.

నిన్న నేను వాయిస్తుంటే ఆపాడు.

"గా సురం జర కిందికి వంచినవు. ఎవరు నేర్పిండ్రు?"

"మా బాపు. బ్యాండోళ్లు తప్పని తిట్టేటోళ్లు సార్."

"తప్పు గాదు బిడ్డా. బ్లూస్‌కు గదే ప్రాణం. రేపు మీ బాపును తోల్కరా, నేను వింట."

ఇక క్లారినెట్ అడుగుతాడని గట్టిగా పట్టుకున్నాను. అడగలేదు. ఇవాళ నేను వెళ్లేసరికి నీకోసమని ముందు వరుసలో ఒక కుర్చీ వేసి ఉంచాడు.

నువ్వు లేవని చెప్పలేక, "బాపుకు డ్యూటీ ఉన్నది సార్" అన్నాను.