పాటలో మిగిలిన ఊపిరి

చిన్నోడా,

చేతిలో ఫోన్ ఉండగా అక్క కాగితం మీద రాయడమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోన్లో అయితే "ఆఁ అక్కా, ఊఁ అక్కా, అంతా బాగుందక్కా" అని జారిపోతావు. కాగితాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు కదా. పైగా ఇప్పుడు రాయబోయేది ఈ ఇంటి గోడలకు కూడా వినపడకూడదు.

మీ బావ నా దగ్గర ఏదో దాస్తున్నాడు.

అనుమానం నా ఉద్యోగమని వెక్కిరిస్తావు, తెలుసు. ఏ కాగితం చూసినా ఇది ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఏం రాయకుండా వదిలేశారు అని అడగమనే నేను చరిత్ర క్లాసులో పిల్లలకు చెప్పేది. ఆ బుద్ధిని యూనివర్సిటీ గేటు దగ్గరే వదిలి ఇంటికి రావడం నాకు చేతకాలేదు. కానీ ఈసారి ఊరికే కాదు. కంపెనీ అమ్మకం సంగతి నీకు తెలిసిందే. బూట్లు, టోపీలు, స్టూడియో, "దరువు" అన్న పేరు, ఆ పేరుతో మీ బావ పాడే గొంతు, అన్నీ కలిపి ఆ పెద్ద కంపెనీ వాళ్ళు తీసుకుంటున్నారు. భాగస్వామిగా నేను సంతకం పెట్టకపోతే అమ్మకం జరగదు. లాయరు కాగితాలు పంపాడు. అవి అన్నం బల్ల మీదే ఉన్నాయి. రోజూ వాటిని పక్కకు జరిపి కంచాలు పెట్టుకుంటున్నాం.

బస్సుల మీదికి పార్సిళ్ళు ఎక్కించే రోజుల నుంచీ ఈ మనిషిని ఎరుగుదును. నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళే బస్సు కోసం మనం నిలబడి ఉంటే, బస్సు ఆగే స్టాపుల పేర్లన్నీ ప్రాసలు కట్టి, అరుస్తున్నట్టు కాక తిడుతున్నట్టు పాడేవాడు. ఆఖరి స్టాపు పేరు మాత్రం చెప్పకుండా జనం వైపు చెయ్యి చాపేవాడు. మొదటిసారి ఆ పేరు అరిచింది నువ్వే. "ఈ బుడ్డోడు నా వాడు" అన్నాడు. ఆ తరవాత ఎన్ని వేదికలు ఎక్కినా అదే పద్ధతి. ప్రతి చరణంలో చివరి మాట ఆయన వదిలేస్తాడు, వెనక నుంచి నువ్వు అందుకుంటావు, ఆ సందులో ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. జనం నీకు "వెనకాయన" అని పేరు పెట్టారు. కారు డిక్కీలో టోపీలు అమ్మిన మనిషి ఫ్యాక్టరీ పెట్టేదాకా నేను పక్కనే ఉన్నాను. ఏ రోజూ నాతో చెప్పకుండా ఒక గుండీ డిజైను కూడా మార్చలేదు.

అలాంటివాడు ఇప్పుడు ఇంట్లో నోరు విప్పడం లేదు. వేడినీళ్ళు తాగుతూ తలూపుతాడు. అడిగితే నవ్వుతాడు. బూట్ల పని ఎక్కువైందని షోలన్నీ ఆపేశాడు. గోడౌన్ చూసుకోమని నిన్ను అంత దూరం పంపేశాడు. నువ్వు గోడౌన్ చూడటమేమిట్రా, చెప్పుల జత కూడా నేనే కొనిపెట్టాలి నీకు!

ఇంకో సంగతి. కొత్త పాట విన్నావు కదా. పాటల్లో ఊపిరి పీల్చే చప్పుళ్ళన్నీ మన స్టూడియోలో సౌండు చూసే చెవులాయన మిక్సింగులో తుడిచేస్తాడు. పాడేవాడు అలసిపోతాడని వినేవాళ్ళకు తెలియకూడదట. కానీ ఈ పాటలో మూడో చరణం ముందు ఒక ఊపిరి ఉండిపోయింది. దాని చివర సన్నటి కూత. మీ బావ ఛాతీలో ఏమైనా తేడా వచ్చిందా? ఆయన పక్కన నిలబడి పాడేవాడివి, నీకు తెలియకుండా ఉండదు. నిజం చెప్పు.

ఇన్‌హేలర్ చొక్కా జేబులో పెట్టుకో. సంచిలో కాదు.

అక్క

*

చిన్నోడా,

నీ కార్డు అందింది. "అక్కా, బావ మంచోడు. ఎక్కువ ఆలోచించకు. సంతకం పెట్టెయ్." ఇంతేనా? కూరలో ఉప్పు వెయ్యాలన్నా నాకు ఫోన్ చేసేవాడివి, ఇంత పెద్ద విషయంలో "పెట్టెయ్" అన్నావు. ఆ ఒక్క మాట చూశాక నిద్రపోతున్న అనుమానాలు కూడా లేచి కూర్చున్నాయి. నీకు ఏదో తెలుసు. ఆయన నీ నోరు నొక్కాడు.

ఆయన చొక్కా జేబులు వెతికాను, ఏమీ దొరకలేదు. సిగ్గు విడిచి ఇంకో పని కూడా చేశాను. మంగళవారం మీ బావ కారు వెనక టాక్సీలో వెళ్ళాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ముందు కారులో దరువన్న ఉన్నాడమ్మా! ఫొటో కోసమా?" అన్నాడు.

"కాదు బాబూ, నేను ఆయన భార్యని."

అతను బ్రేకు మీద కాలేసి వేగం తగ్గించాడు. "అయితే కాస్త దూరంగానే పోనిస్తానమ్మా," అన్నాడు. అతని మర్యాదకు నాకు ఏడుపొచ్చినంత పనయింది.

కారు ఒక మేడ ముందు ఆగింది. కింద బ్యాంకు, దాని పక్కన ఆడవాళ్ళ బట్టల కొట్టు, పైన అంతస్తుల నిండా డాక్టర్లు. చూశావా, నాలాంటిదాన్ని చంపడానికే కట్టినట్టుంది ఆ మేడ. అప్పా, ఆడమనిషా, జబ్బా? దిగి వెళ్ళే ధైర్యం లేకపోయింది. మీ బావ బయటికొచ్చేసరికి మండుటెండలో మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నాడు.

అన్నం దగ్గర "ఎక్కడికెళ్ళావ్?" అన్నాను.

"మీటింగ్," అన్నాడు గుసగుసగా.

"గొంతేమైంది?"

"పట్టేసింది."

ఎన్నాళ్ళుగా పట్టేసింది? గొంతు పట్టేసినవాడు ఆ ఊపు పాట ఎప్పుడు పాడాడు? ఎప్పుడో పాడి వదిలేసినదాన్ని తోమి కొత్తదని విడుదల చేశాడా? చేస్తే, కొనేవాళ్ళను మోసం చేస్తున్నట్టే కదా, ఆ మోసం కింద నా సంతకమా?

చెవులాయన దగ్గరికి కూడా వెళ్ళాను. నన్ను చూడగానే తలకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. తీసేశాను.

"ఆ ఊపిరి ఎందుకు తుడవలేదు?"

"తుడుస్తానంటే అన్నే వద్దన్నాడమ్మా."

"ఎందుకు?"

"అమ్మా, నన్ను అడక్కండి. ఈ ఉద్యోగం తప్ప నాకు ఇంకో పని రాదు."

పొరపాటున మిగిలింది కాదట. కావాలని ఉంచాడు. ఎవరికి వినపడాలని? ఏ సంకేతం అది? నాకు తెలియని ఇంకో మనిషితో నా మొగుడు పాటలో మాట్లాడుతున్నాడా? రాస్తుంటే నాకే నా మీద అసహ్యం వేస్తోంది, అయినా ఆగడం లేదు. వచ్చే శుక్రవారం లాయరు వస్తాడు. ఆ లోపు నువ్వు నిజం చెప్పకపోతే కాగితాలు సంతకం లేకుండానే తిప్పి పంపుతాను. నేను నీకు అక్కనో, ఆయన నీకు బావో, తేల్చుకో.

అక్క

*

ఒరేయ్ దొంగా,

నీ జవాబు కోసం చూడనక్కరలేకపోయింది.

గురువారం సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేస్తూ పాట పెట్టుకున్నాను. మీ బావ పక్క కుర్చీలోనే ఉన్నాడు. మూడో చరణం దగ్గర ఆ ఊపిరి వచ్చింది, దాని చివర కూత. చీర మీద ఇస్త్రీపెట్టె వదిలేసి నేను అలమర దగ్గరికి వెళ్ళాను. సొరుగు లాగాను. నా చెయ్యి లోపల వెతుకుతోంది. ఏం వెతుకుతోందో నాకు తెలియలేదు. చీర కాలిన వాసనకు మీ బావ లేచి ఇస్త్రీపెట్టె తీశాడు. అప్పటికి నా చేతిలో నీ పాత ఇన్‌హేలర్ ఉంది.

ఆ కూత నీది. దానికోసం ఎన్నిసార్లు నిద్రలోంచి లేచానో! గొంతు గుర్తుపట్టలేకపోయాను, ఒప్పుకుంటాను. ఇన్నేళ్ళు ఒకరి నోటి చివర ఇంకొకరు మాట అందుకుంటే గొంతులు కూడా చుట్టరికం కలుపుకుంటాయి కాబోలు, దాని మీద చెవులాయన మెరుగులు ఒకటి. కానీ ఆ ఊపిరిని నా తలకంటే ముందు నా చెయ్యి గుర్తుపట్టింది.

"ఈ పాట ఎవరు పాడారు?" అన్నాను.

మీ బావ కుర్చీలో వెనక్కి వాలాడు. ఎన్నాళ్ళుగానో మోస్తున్న పార్సిల్ దించినవాడిలా ఉన్నాడు. గుసగుసగా, ఆగి ఆగి చెప్పాడు. స్వరపేటిక మీద కాయ లేచిందట. ఆ మధ్య నాతో వ్యాపారం పనని చెప్పి ఊరెళ్ళినప్పుడు ఆపరేషన్ చేయించుకున్నాడట. ఇక చిన్నగా మాట్లాడటమే తప్ప పాట పాడే గొంతు రాదన్నారట. అమ్మకానికి కొత్త పాటలు చూపించాలి, నువ్వు "నేను పాడతాను బావా" అన్నావట. గోడౌన్ కాదు, అక్కడున్న చిన్న స్టూడియోలో పాడుతున్నావు. ఒక్కటే షరతు పెట్టావట, అక్కతో చెప్పకూడదని. "అక్కకి తెలిస్తే ఉబ్బసం అంటూ నా నోరు మూసేస్తుంది, ఒక్క మాట దాటి పాడనివ్వదు" అన్నావట.

ఒక్క మాటే అన్న నియమం నేను పెట్టిందే. దానికి క్షమాపణ చెప్పను. అప్పుడు రెండు వరసలు పాడితే నీ పెదాలు నీలంగా అయ్యేవి. ఇప్పుడు మూడు చరణాలు పాడుతున్నావని నాకు ఎవరూ చెప్పలేదు. నా బాధంతా అదే. మీ బావ మీద అన్ని అనుమానాలు పెట్టుకుని, వాటిని నీ దగ్గరే దాచుకోమని ఇచ్చాను. నువ్వు వాటిని చదివి "సంతకం పెట్టెయ్" అని రాశావు. నేను వెళ్ళి చెప్పుకోగలిగిన ఒకే ఒక్క మనిషివి నువ్వే కదరా!

"నాకెందుకు చెప్పలేదు?" అని మీ బావను కూడా అడిగాను.

"మాటిచ్చాను."

"మరి ఆ ఊపిరి ఎందుకు ఉంచావ్?"

ఆయన మొహంలో బస్టాండు నాటి కొంటెతనం కనపడింది. "చెప్పనన్నాను. వినిపించనని అనలేదు."

ఆ సంకేతం ఎవరికోసమా అని టాక్సీలెక్కి తిరిగాను. నాకోసమేనట. ఇన్ని రోజులు నేను విని కూడా పోల్చుకోలేదని లోలోపల ఉడికిపోయాడట. "చరిత్ర లెక్చరర్‌వి, ఆధారం ముందుంటే నా చొక్కా జేబులు వెతికావు," అన్నాడు. మరి మఫ్లరు చుట్టుకుని తిరిగితే వెతకక ఏం చెయ్యను?

శుక్రవారం లాయరు వచ్చాడు. మీ బావ గుసగుసగా "గొంతు అమ్మడం లేదు" అన్నాడు. ఏదో రహస్యమనుకుని లాయరు కూడా గుసగుసగానే "ఎందుకు సార్?" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు అలాగే గుసగుసలాడుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వాను, ఆ తరవాత ఏడ్చాను. చివరికి తేలింది ఇది: బూట్లూ టోపీలూ వాళ్ళే తీసుకుంటారు. ఆ కాగితం మీద సంతకం పెట్టాను. పేరు, గొంతు అన్న కాగితం మీద పెట్టలేదు. పేరు మీ బావది, గొంతు నీది. నీ గొంతును మీ బావ పేరు కింద అమ్మడానికి నేనెవరిని, ఆయనెవరు?

విడుదలైన పాట ఎవరు పాడారో ఆయనే జనానికి చెబుతానంటున్నాడు. కొందరు తిడతారు, తిట్టనీ. ఆ తరవాత షో పెడతాడట. నువ్వు ముందు నిలబడతావు. ఆయన వెనక నిలబడతాడు. ప్రతి చరణంలో చివరి మాట నువ్వు వదిలెయ్యి, ఆయన అందుకుంటాడు. ఒక్క మాటకైతే ఆ గొంతు సరిపోతుందని డాక్టరు చెప్పాడు. ఈసారి ఆ డాక్టర్ని నేను స్వయంగా అడిగి వచ్చాను, ఎవరో చెప్పింది నమ్మి రాయడం లేదు.

నీకు ఇష్టం లేకపోతే వద్దు, నిజంగా వద్దు. ఇష్టమైతే మాత్రం వచ్చే ఆదివారం మొదటి బస్సుకు బయల్దేరు. నేను బస్టాండులో ఉంటాను. ముందు ఒక దెబ్బ వేస్తాను, కాచుకో.

చెవులాయనకు కూడా ఫోన్ చేసి చెప్పాను, ఇక మీద నీ ఊపిరి ఒక్కటి కూడా తుడవొద్దని. పాడుతున్నంతసేపూ నువ్వెలా ఉన్నావో నాకు వినపడుతూ ఉండాలి.

ఇంకా కోపంగానే ఉన్న
మీ అక్క