నాలుగో నంబరు రైఫిలూ, నా మూడు నియమాలూ

3, సోమవారం. సాయంత్రం 6.30

ఇవాళ్టి నుంచి అంతా పద్ధతిగా!

రెండు నెలలు కొత్తవాళ్ల తుపాకీతో తంటాలు పడ్డాక, కోచ్‌గారు నన్ను నాలుగో నంబరు ఎయిర్ రైఫిల్‌కి మార్చారు. నన్ను ఈ క్లబ్బులో చేర్పించిన మా ఆడపడుచు, అంటే మావారి అక్కయ్య, కాల్చేదీ దానితోనే. నా వంతు నాలుగింటికి, వదిన వంతు ఐదున్నరకి.

క్లబ్బు మహిళల జట్టులో ఒక్క చోటు ఖాళీగా ఉంది. 22న ఎంపిక. పోటీలో ఇద్దరమే. వదినా, నేనూ.

"యోగా తొమ్మిది రోజులు, గిటారు పదిహేను. ఇదెన్నాళ్లోయ్?" అన్నారు మావారు.

నియమాలు రాసి అద్దానికి అతికించాను.

ఒకటి: రోజుకి ఒక్క మార్పే చెయ్యాలి. అప్పుడే దేనివల్ల ఏమైందో తెలుస్తుంది.
రెండు: ప్రతి పెల్లెట్ గుండూ ఎక్కడ పడిందో ఆ రోజే రాయాలి.
మూడు: సాకులు వద్దు. తప్పు నాదైతే నాదే అని రాయాలి.

స్కోరు: నూటికి 84!!

చివర్లో రైఫిల్‌ని మెత్తటి గుడ్డతో తుడిచాను. గురి చూసే సైటు పక్కన చిన్న నాబ్ ఉంది. ఎవరో ఎటో తిప్పి వదిలేశారు. శుభ్రంగా సున్నాకి తెచ్చి, పెట్టెలో పెట్టాను. మన వస్తువు కాదని నిర్లక్ష్యం చేస్తామా?

5, బుధవారం

67. పదికి పదీ ఎడమకే. ఒకే చోట గుంపుగా, చీమలు చేరినట్టు.

కోచ్‌గారు కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. "గుంపు చెదరలేదంటే మీ చేయి కుదురుగానే ఉందమ్మా. పక్కకి పోతోందంటే ఒకే తప్పు పదిసార్లూ చేస్తున్నారు. సైటు పోయిన వారమే నేను సరిచేశాను. బహుశా ట్రిగ్గర్ గుంజుతున్నారు. సైటు జోలికి మాత్రం పోకండి."

నేనెందుకు పోతాను!

మార్పు: వేలి కొసతోనే ట్రిగ్గర్ నొక్కడం.

తుడిచాను. నాబ్ సున్నా మీదే ఉంది. వదినకి కూడా శుభ్రత అలవాటవుతున్నట్టుంది.

8, శనివారం

66. ఎడమకే.

మార్పు: ఊపిరి సగం వదిలి ఆపడం. బూట్లు కూడా మార్చాను కానీ బూట్లు లెక్కలోకి రావు.

ఇంటికొచ్చి బూజుకర్రతో గోడ గడియారానికి గురిపెట్టి సాధన చేశాను.

"ఏమోయ్, నేను లేచి వెళ్లాక కాల్చుకోరాదూ?" అన్నారు మావారు, సోఫాలో తల వంచుకుని.

10, సోమవారం

64.

మార్పులు: చెంప ఆనించే చోటు, ఎడమ మోచెయ్యి, జుట్టు ముడి, మధ్యాహ్నం భోజనం. ఒకదానికొకటి సంబంధం ఉన్నవే కాబట్టి అన్నీ కలిపి ఒక్క మార్పే.

సాకులు చెప్పడం కాదు, ఉన్నమాట రాస్తున్నాను: పక్క లేన్‌లో పళ్ల డాక్టరు దగ్గుతూనే ఉన్నాడు. పైన ఫ్యాను గాలి ఎడమకే వీస్తోంది.

వదిన ఫోన్ చేసింది.

"నీకెంతొచ్చిందే?"

"అరవై నాలుగు వదినా."

"నాకు అరవై ఒకటి. ఎనభై అయిదుకి తగ్గి ఎరగను. కళ్లజోడు మార్చాను, అయినా అంతే. చేయి వణుకుతోందేమోనే. వయసు మీద పడింది."

"అబ్బే, అదేం లేదు వదినా," అన్నాను.

మూడో నియమం ఉంది కనక రాస్తున్నాను: లోపల కాస్త సంతోషం వేసింది.

12, బుధవారం

ఏ పెల్లెట్ ఎక్కడ పడిందో రాయను. క్లబ్బులోనే పడ్డాయి. చాలు.

రైఫిల్ పాతబడిపోయింది. పెల్లెట్లు నాసిరకం. టార్గెట్ కాగితం వంకరగా పెట్టారు. బయల్దేరే ముందు మావారు తాళంచెవి ఎక్కడని అడిగి మనసు చెదరగొట్టారు.

తుడిచే ఓపిక కూడా లేదు. అయినా తుడిచాను.

15, శనివారం

నా 63 చూసి కోచ్‌గారికి విసుగొచ్చింది. "ఇలా ఇవ్వండి," అని రైఫిల్ అందుకుని అయిదు కాల్చారు. అయిదూ ఎడమకే!

చూశారా, తుపాకీదే తప్పు అనబోతున్నాను. ఆయన వంగి నాబ్ చూశారు.

"ఇది సున్నా మీద ఎందుకుంది? కుడికి పన్నెండు క్లిక్కులు పెట్టానే! ఎవరు తిప్పారు?"

అప్పటికే నా చేతిలో తుడుపుగుడ్డ ఉంది.

"ఏమోనండీ," అంది నా నోరు.

స్టవ్, గీజరు, ఇస్త్రీపెట్టె. పని అయిపోయాక నాబ్ ఉన్న ఏ వస్తువైనా సున్నాకి రాకపోతే నేను గది దాటను. ముప్పై ఏళ్లుగా చేయి దానంతటదే తిప్పేస్తుంది. అది ఆపేసే నాబ్ కాదనీ, ఆ పన్నెండు క్లిక్కులే ఆ తుపాకీకి చూపు అనీ ఇప్పుడు తెలిసింది.

ఆయన మళ్లీ సరిచేశారు. నేను కాల్చాను. 86.

"మీ వదినగారు ఫోన్ చేశారు. ఎంపికకి రారట. చేతికి ఏదో పరీక్ష చేయించుకుంటున్నారు. ఇక ఆ చోటు మీదేనమ్మా," అన్నారు కోచ్‌గారు.

16, ఆదివారం

ఉదయం 7.00. వదినకి చెప్పెయ్యాలి.

8.15. టిఫిన్ వేళ. ఇప్పుడొద్దు.

11.00. చేయి బాగానే ఉందని డాక్టరే చెబుతాడు. మధ్యలో నేనెందుకు?

1.30. 'తిప్పరాదు' అని నాబ్ దగ్గర రాసి ఉండాల్సింది. తప్పు కంపెనీది.

4.00. మావారు ఫోన్ పెట్టేసి వచ్చారు. "అక్కయ్య ఇక రైఫిల్ ముట్టుకోదట. తన షూటింగ్ కోటు నిన్ను తీసుకోమంటోంది. నీకు సరిపోతుందా?"

4.01. సరిపోదన్నాను.

4.02. సరిపోతుంది. కొలతలు నాకు తెలుసు.

17, సోమవారం

పదింటికి వదిన ఇంటికి వెళ్లాను. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. మెడకి పట్టీ.

"వదినా, మీ చేతికేం కాలేదు. తప్పు నా చేతిది," అని మొత్తం చెప్పేశాను. గుడ్డ, నాబ్, 'ఏమోనండీ', అన్నీ. కోటు సరిపోతుందని కూడా.

వదిన కప్పు కింద పెట్టింది.

"అంటే నేను రెండు కళ్లజోళ్లు మార్చి, ఉప్పు మానేసి, మెడకిది కట్టుకుని, నగలు ఏది ఎవరికివ్వాలో కాగితం మీద రాసి పెట్టుకున్నది… నువ్వు తుపాకీని స్టవ్ ఆపినట్టు ఆపేశావనా?"

"అవును వదినా."

"మహాతల్లీ!"

సోఫా మీది దిండు తీసి విసిరింది. గుమ్మం దాకా వచ్చేశాను, అయినా సరిగ్గా ముక్కు మీద తగిలింది. చేయి ఇసుమంత కూడా వణకలేదు.

అక్కణ్నుంచే కోచ్‌గారికి ఫోన్ చేసి నేరం ఒప్పుకున్నాను. వదిన ఫోన్ లాక్కుని, "22కి వస్తున్నానండీ," అంది. మెడపట్టీ అప్పటికే కుర్చీ మీద పడి ఉంది.

22, శనివారం

వదిన: 91. నేను: 79.

చోటు వదినది. క్లబ్బులో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. వదిన తిరిగి చూసి, "చాల్లే, ముక్కు ఎలా ఉంది?" అంది.

ఇంటికొచ్చి నియమాల కాగితం చింపేశాను. రైఫిల్ షూటింగ్ ఓపిక లేనివాళ్ల ఆట. కుట్లు, అల్లికలు ఎంత హాయి!

24, సోమవారం

అల్లిక వదిలేశాను. సూదికి కూడా గురి కావాలి.

కోచ్‌గారు ఫోన్ చేశారు. నలుగురి జట్టులో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆడటానికి అయిదో మనిషి కావాలట. ఎంపిక నెలరోజుల్లో. నాకు ఏడో నంబరు రైఫిల్ కేటాయించారు. నాబ్ మీద టేపు కూడా చుట్టించారు.

కొత్త కాగితం, అవే మూడు నియమాలు, ఈసారి ఎర్ర సిరాతో.

మార్పు: ఒక్కటే. ట్రిగ్గర్ గుంజకుండా మెల్లగా నొక్కడం.

స్కోరు: 74. పదిలో ఏడు ఎడమకి.

కోచ్‌గారు సైటు చూసి, "ఇది సరిగ్గానే ఉందమ్మా. ఈసారి నిజంగా మీ వేలే," అన్నారు.

ఒప్పుకుంటున్నాను. వేలిదే తప్పు. సాకేం లేదు.

అయినా ఈ ఏడో నంబరు కాస్త ఎడమకి లాగుతుందని నా అనుమానం. ఆ మాటే వదినతో అన్నాను. వదిన నా రైఫిల్ అందుకుని ఒకే ఒక్కటి కాల్చింది. నడిమధ్యన పడింది.

అదృష్టం, అంతే.