నైరుతి మూలలో ఎనిమిదో తరగతి

ఆదోని,
ఆదివారం.

పూజ్యులైన నాన్నగారికి మీ కృతి నమస్కరించి రాస్తున్నది. మీరు పంపిన ఉత్తరం, కుంకుమ పొట్లం రెండూ ఒకే కవరులో చేరాయి. పొట్లం దారిలో చిట్లి మీ అక్షరాలన్నీ ఎర్రబడ్డాయి గానీ చదువుకోగలిగాము. ఇక్కడ అమ్మా నేనూ కుశలం. తిరుపతి మఠంలో మీరూ, మీ వేదపాఠం పిల్లలూ అలాగే ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను.

మీరు అడిగినవి మూడు. ఒకటి, అమ్మ మోకాలు. ఏకాదశి నాడు నొప్పి అసలు లేదంది. ఆ రోజు వంట లేదు గదా. ద్వాదశి పొద్దున్నే మళ్ళీ వచ్చింది. రెండు, నేను వేళకు తింటున్నానా అని. తింటున్నాను. ఎమ్మిగనూరు బస్సులో, నిలబడి, ఒక చేత్తో. మూడో ప్రశ్న మీరు చివర్లో చిన్న అక్షరాలతో రాశారు: ఎవరో పుల్లన్న మఠం ఆఫీసుకు రెండుసార్లు ఫోను చేసి "మూలలు చూసే స్వామి ఉన్నాడా" అని అడిగాడని, మీరు వాస్తు చూడరన్న సంగతి తెలిసి కూడా ఆయనకు మీ పేరు ఎవరు చెప్పారని.

నేనే చెప్పాను నాన్నా. ఎందుకు చెప్పానో మొదటినుంచి రాస్తాను. దయచేసి చివరి పేజీ ముందు చదవొద్దు.

ఈ నెల ఎనిమిదో తరగతికి గ్రాఫుల పాఠం. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, రెండూ కలిసిన చోటు సున్నా. సున్నాకు కుడివైపూ పైవైపూ మామూలు అంకెలు. ఎడమవైపూ కిందివైపూ ఆ అంకెలకే ముందు మైనస్. ఎవరెక్కడున్నారో రెండంకెల్లో చెప్పేయొచ్చు. ఇంతే సంగతి. ఈ ఇంత సంగతి నల్లబల్ల మీద నాలుగు రోజులు చెప్పినా మా నలభై రెండు మందికి ఎక్కలేదు. ముందు పక్కకు పోయి ఆ తర్వాత పైకి పోవాలంటే, సగం మంది ముందు పైకెక్కి అక్కణ్ణుంచి పక్కకు దూకుతున్నారు. ఐదో రోజు అందర్నీ గ్రౌండులోకి తోలుకుపోయి ముగ్గుపిండితో గీతలు గీశాను. ఇంట్లో ముగ్గుపిండి డబ్బా ఎందుకు ఖాళీ అయిందో అమ్మకు ఇంకా తెలియదు. మీరు రాయొద్దు.

మా బడి గేటు ఉత్తరాన ఉంది గనక నిలువు గీత గేటు వైపుకు పోయింది. ఒక్కొక్కరికీ ఒక్కో బిందువు ఇచ్చాను. రెండు వారాలు అదే వాళ్ళ చోటు, అదే వాళ్ళ పేరు. నేను "మైనస్ రెండు, నాలుగు" అంటే మేస్త్రీ ఇక్బాల్ కొడుకు ఉమేర్ లేచి "ప్రెజెంట్ మిస్" అనాలి. మూడు రోజులు తిరిగేసరికి ఒక్కరు కూడా తప్పు చోట కూర్చోలేదు. బెంగళూరు ఉద్యోగం నాలుగు నెలలకు, కర్నూలు కోచింగు సెంటరు ఆరు వారాలకు వదిలేసి వచ్చినదాన్ని. ఈసారి మాత్రం బస్సు దిగి బడికి పరిగెత్తి పోతున్నాను నాన్నా. అది చూసి కండక్టరుకే ఆశ్చర్యం.

నాలుగో రోజు ప్రార్థన కాకముందే ఉచ్చీరమ్మ వచ్చింది. ఆమె మా క్లాసు శ్రీలక్ష్మికి అవ్వ, మీకు ఫోను చేసిన పుల్లన్నకు తల్లి. మబ్బు లేకపోయినా గొడుగు తెచ్చింది, మాట్లాడేటప్పుడు చూపించడానికి.

"ఏమ్మా మిస్సు, మా పిల్ల ఏం తప్పు సేసింది?"

"ఏం చెయ్యలేదవ్వా. బాగా చదువుతుంది."

"మరి మైనస్‌లో ఎందుకు కూర్చోబెట్టినావు? అదీ ఒకటి గాదు, రెండు మైనస్‌లు. మేస్త్రీ కొడుక్కి ఒకటే పెట్టినావంట."

శ్రీలక్ష్మి చోటు మైనస్ మూడు, మైనస్ రెండు. అది తక్కువతనం కాదు, వీధి నంబరు లాంటిదని చెప్పాను.

"సదువు రాదనుకొని సెప్తాండావా? మైనస్ అంటే తక్కువ గాకపోతే ఎక్కువా?"

అక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. ఆ పాఠానికి సంబంధం లేకపోయినా, రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ అవుతుందన్నాను. ఉచ్చీరమ్మ గొడుగు నా వైపు తిప్పింది.

"అట్లయితే జొరమూ వచ్చి వాంతులూ పట్టుకుంటే మనిసి బాగైనట్టా?"

ఈ లెక్క మాకు ఎమ్మెస్సీలో కూడా ఎవరూ చెప్పలేదు.

శుక్రవారానికి పదకొండు మంది తల్లిదండ్రులొచ్చారు. గీతలు చేసిన నాలుగు పాదాల్లో అందరికీ ప్లస్ ప్లస్ ఉన్న మొదటి పాదమే కావాలి. మా కరస్పాండెంటు జయన్న సార్ నన్ను గదిలోకి పిలిచారు.

"సోమవారానికి అందర్నీ ప్లస్ లోకి మార్చమ్మా."

"అందరూ అక్కడే ఉంటే మిగతా మూడు పాదాలూ ఖాళీ సార్. ఇంక నేను నేర్పేది ఏముంటుంది?"

"ఖాళీగా ఉంటే ఉండనీ. స్థలం మనదే గదా. మార్చకపోతే మటుకు నువ్వే ఇంకో బడి చూసుకోవాల."

ఆ సాయంత్రం గీతలు చెరపడానికి చీపురు పట్టుకుని గ్రౌండులో నిలబడితే ఉమేర్ వచ్చాడు.

"మిస్, ఆ ముసలామె ఎందుకు కొట్లాడతాంది? శ్రీలక్ష్మి ఉండేది నైరుతి. మా అబ్బ ఎవురి ఇల్లు కట్టినా యజమాని రూము ఆడనే పెడ్తాడు. లేదంటే వాళ్ళు పని నిలబెట్టేస్తారు."

చీపురు పక్కన పెట్టాను. ఉత్తరం పైనుంటే ప్లస్ ప్లస్ ఈశాన్యం, దాని ఎడమన వాయువ్యం, రెండు మైనస్‌ల మూల నైరుతి, మిగిలింది ఆగ్నేయం. నాలుగు పాదాలూ అదే వరసలో వచ్చి కూర్చున్నాయి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సోమవారం వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాను. అందరూ తలలూపారు, ఉచ్చీరమ్మ తప్ప.

"ఇది నీవు సెప్తే సెల్లదు. పెద్దోళ్ళెవురన్నా సెప్పల్ల."

"మా నాన్న కూడా ఇదే అంటారవ్వా. తిరుపతి మఠంలో ఉంటారు." నోరు నా మాట వినకుండా అనేసింది.

"అట్లయితే ఆయన సేత రాయించుకొని రా."

రెండు రోజుల్లో కాగితం తెచ్చిచ్చాను. అది ఉచ్చీరమ్మ చేతిలోంచి పదకొండు ఇళ్ళూ తిరిగి జయన్న సార్ దగ్గరికి చేరింది. ఆయన దానికి ప్లాస్టిక్ తొడిగించి గోడకు కొట్టించారు. గురువారం నుంచి మొదటి పాదంలో ఉండేవాడు లేడు. పిల్లలందరికీ రెండు మైనస్‌లు కావాలి. మైనస్ ఒకటి, మైనస్ ఒకటి దగ్గర ముగ్గురు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. జయన్న సార్ అయితే తన బల్లా కుర్చీ మోయించి మైనస్ నాలుగు, మైనస్ ఐదులో వేయించుకున్నారు. అక్కడ నీడ లేదు. టోపీ పెట్టుకుని, చెమటలు కక్కుతూ, అక్కడే సంతకాలు పెడుతున్నారు. నిన్న పరీక్ష పెడితే నలభై రెండు మందిలో ముప్పై తొమ్మిది మంది బిందువులన్నీ సరిగ్గా పెట్టారు. అంత సంతోషంలో కూడా నాకు అన్నం సయించలేదు.

ఆ కాగితం మీరు రాయలేదు. నేను రాశాను. ఎమ్మిగనూరు నుంచి ఆదోని వచ్చే బస్సులో, మీరు రాసే వంకర శ్రీకారంతో సహా, "నైరుతి యజమాని స్థానము" అని మొదలుపెట్టి కింద దత్తాత్రేయ అని సంతకం పెట్టాను. ఇల్లు కట్టేవాళ్ళు ఎంత బతిమాలినా అలాంటి కాగితం మీద మీరు పేరు పెట్టలేదు. దిక్కులన్నీ దేవుడివే, మంచిదీ చెడ్డదీ అని వాటిని పంచడానికి నేనెవర్నని మజ్జిగ ఇచ్చి పంపించేవారు. మీరు ముప్పై ఏళ్ళు కాపాడుకున్న పేరును నేను గంట ప్రయాణంలో ఖర్చు చేశాను. సంతకం అచ్చం మీదిలాగే వచ్చినప్పుడు కొంచెం గర్వపడ్డాను కూడా. అదే నన్నిప్పుడు ఎక్కువ పొడుస్తోంది.

పుల్లన్న ఎందుకు ఫోను చేశాడో ఇప్పుడు చెప్తాను. కాగితం చదివించుకున్న రోజే ఉచ్చీరమ్మ తన మంచం ఇంటి నైరుతి గదిలోకి మార్పించింది. ఆ గది పుల్లన్నదీ భార్యదీ. వాళ్ళిద్దరూ ఇప్పుడు వసారాలో, మేకల పక్కన. ఇంకో మూల ఏదైనా సర్దుబాటు అవుతుందేమో అడుగుదామని పాపం మీకు ఫోను చేశాడు.

అది తెలిసి నిన్న మధ్యాహ్నం నేరుగా వాళ్ళింటికి పోయాను. పుల్లన్న, భార్య, శ్రీలక్ష్మి అందరూ ఉండగానే, కాగితం నేను రాసిందేనని, మా నాన్నకు దాని సంగతే తెలియదని చెప్పాను. ఉచ్చీరమ్మ మంచం మీద నుంచి లేవలేదు.

"ఈ మాట మా కోడలు సెప్పిచ్చిందా నీతో?"

"లేదవ్వా, నిజంగా నేనే రాసినాను."

"నీ మొగానికి అంత బాగా రాసేది వస్తుందా? పెద్దాయన రాసింది ఎట్లుంటాదో నాకు తెల్దా?"

నా నోట్‌బుక్ తీసి అదే అక్షరాలతో రాసి చూపించాను. ఆమె కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, చదవడం రాదని గుర్తొచ్చి తిరిగిచ్చేసింది.

"సరే, ఆయన్నే అడుగుతా. తిరుపతి మొక్కు ఎట్లాగూ ఉండాది. పోతా పోతా మీ నాయన్ను సూసి పోతాం. ఆయన కాదంటే మంచం తీస్తా. ఆయన నోటెంబడి రావల్ల."

బుధవారం రైలెక్కుతున్నారు. గురువారం పొద్దున మఠం ముందు నలుగురు ఉంటారు. జయన్న సార్‌కు రేపు చెప్తాను. ఇంకో బడి చూసుకోమంటే చూసుకుంటాను. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, వాళ్ళకంటే ముందు చేరాలని. మీరు నన్ను తిట్టేది కార్డు మీద రాయొద్దు, పోస్టుమ్యాను చదివి అమ్మకు చెప్తాడు. కవరులో పెట్టి ఎన్ని పేజీలైనా రాయండి.

ఉచ్చీరమ్మ మిమ్మల్ని ఒకటే అడుగుతుంది, కాగితం మీరు రాశారా అని. లేదని చెప్పండి. కూతురు పరువు పోతుందేమోనని మాటను మెత్తగా చెయ్యొద్దు, గట్టిగా చెప్పండి, ఆమెకు కుడిచెవి వినపడదు. మీరు లేదన్న మరుక్షణం పుల్లన్నా భార్యా ఇద్దరూ మీ కాళ్ళ మీద పడతారు. కంగారు పడకండి నాన్నా, అది భక్తి కాదు, మేకల పక్కన వారం రోజుల నిద్ర.

ఇట్లు,
మీ సంతకం ఇంకెప్పుడూ పెట్టని
మీ కూతురు
కృతి