మోకాలి లోతు గాడి

చెల్లాయికి,

ఇల్లు కొనేవాళ్ళు సోమవారం వస్తున్నారని బావ ఫోనులో చెప్పాడు. వాళ్ళు రాకముందే ఇది చదువు. ఇల్లు అమ్మకు. మీ పెరటి వెనక కొండ జారిపోతుందని నేను చెప్పింది తప్పు.

నా పని నీకు తెలిసిందే. ఆ వాలులో గజం పొడవు ఇనుప ఊచలు ముప్ఫై దిగ్గొట్టాను. వాన వెలిసిన మర్నాడల్లా ఎక్కి, మట్టి కొట్టుకుపోయి ఏ ఊచ ఎంత బయటపడిందో స్కేలుతో కొలిచేవాణ్ణి. ఇరవై నాలుగు ఊచల దగ్గర కోత ఏడాదికి రెండు మిల్లీమీటర్లు. మిగతా ఆరింటి దగ్గర మూడు సెంటీమీటర్లు. అక్కడ మోకాలి లోతు గాడి పడింది. కొండ అక్కడే విరుగుతుందని రిపోర్టు రాశాను.

ఆపరేషనై రెండేళ్ళు కొండ ఎక్కలేదు కదా. మొన్న వెళ్ళి చూస్తే గాడినిండా గడ్డి. ఆ ఆరు ఊచలూ పిసరంతైనా పైకి తేలలేదు. రెండేళ్ళూ వానలు బాగానే పడ్డాయి. లేనిది నా నడక ఒక్కటే. ఆ ఆరూ నేను ఎక్కే దారి పక్కనే ఉన్నాయి. తడి మట్టిని తొక్కి తొక్కి గడ్డిని చంపాను. నీళ్ళు ఆ దారి పట్టాయి.

అసలు సంగతి చెప్పాలి. ఆరో ఏటే నాకు అనుమానం వచ్చింది. అప్పటికే నా లెక్కలు అచ్చయ్యాయి, నలుగురూ మెచ్చుకున్నారు. పన్నెండేళ్ళు నోరు మెదపలేదు. నీ ఇంటి మీదికి వచ్చేసరికి ఇక వల్లకాలేదు. నిన్న ఆఫీసులో చెప్పేశాను. “ఇన్నేళ్ళూ కొండని కొలిచావా, నీ చెప్పుల్ని కొలిచావా?” అన్నాడు పెద్దాయన. రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. నాకు ప్రాణం తేలికపడింది.

నీ అన్నయ్య

అన్నయ్యకి,

“కొండని తవ్వి ఎలుకని పట్టినవాళ్ళున్నారు. మీ అన్నయ్య తవ్వి, తవ్విందెవరా అని పద్దెనిమిదేళ్ళు వెతికాడు,” అని మీ బావ పడీపడీ నవ్వారు.

దాచినందుకు నిన్ను నాలుగు తిడదామనుకున్నాను. కానీ నేనూ ఒకటి దాచాను. వాన మర్నాడు నువ్వెక్కడ జారిపడతావోనని, ఇరవై అడుగుల వెనక నేనూ ఎక్కేదాన్ని. నువ్వు ఊచల మీంచి తలెత్తితేగా! చూస్తే కోప్పడతావని, నువ్వు దిగేలోపే దిగిపోయేదాన్ని. ఆ గాడిలో సగం నాది. ఆఫీసులో అదీ రాయించు.

కొనేవాళ్ళని రావద్దన్నాం. ఈసారి వాన వెలిశాక ఇద్దరం కలిసే వెళ్దాం. నువ్వో పక్క, నేనో పక్క, గడ్డిని తొక్కకుండా రాళ్ళ మీద అడుగేస్తూ.

నీ చెల్లెలు