డాబా మీద నుంచి శుక్రుడు

బుధవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. మూఢం వెళ్ళిపోయిందని పంతులుగారు చెప్పినా, సాయంత్రం ఆకాశంలో శుక్రుణ్ణి తన కళ్ళతో చూస్తేగాని నా పెళ్ళికి ముహూర్తం పెట్టనివ్వనంది నానమ్మ. ఇవాళ పొద్దుగూకగానే నన్ను తోడు తీసుకుని డాబా ఎక్కింది. కృష్ణా నది మీద ఎరుపు ఇంకా పోలేదు.

"పడమట ఆ మెరిసేది శుక్రుడేనటే? నాకు మసగ్గా ఉంది" అంది.

శుక్రుడే. తెల్లగా, మిణుకుమనకుండా ఉన్నాడు.

"విమానం నానమ్మా, గన్నవరంలో దిగబోతోంది" అన్నాను.

పెళ్ళయ్యాక స్కూల్లో ఉద్యోగం మానేస్తానని కంకిపాడు సంబంధం వాళ్ళకి నాన్న మాటిచ్చేశారు. నన్ను అడగనేలేదు. కాస్త గడువు దొరికితే నాన్నతో మాట్లాడొచ్చనుకున్నాను. ఆ ధైర్యం ఎప్పటికొస్తుందో...

నానమ్మ పిట్టగోడ పట్టుకుని చాలాసేపు అటే చూసింది. కిందికి దిగాక నాన్న అడిగితే, "ఇంకా కనపళ్ళేదురా" అంది. హమ్మయ్య అనుకున్నాను.

ఇందాక పడుకోబోతూ నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగింది.

"ఆ విమానం ఎన్నాళ్ళని అక్కడే నిలబడుద్దే?"