యేసు లేని డ్రాగన్ నవల

మార్చి 2, సోమవారం. ఉదయం 6:10

నిర్ణయం! కొత్త డ్రాగన్ నవలలో యేసుప్రభువు ఉండడు. వేషం మార్చుకుని కూడా రాడు.

నేను విశ్వాసినే, ఆదివారం ప్రార్థన ఏనాడూ మానలేదు. కానీ నేనేం రాసినా ఎవరో ఒకరు అందరికోసం చచ్చిపోయి మూడో రోజు లేచి కూర్చుంటారు. పోయిన నవలలో తాబేలు. అంతకుముందు, సిగ్గుచేటు, ఒక మంత్రాల గొడుగు.

నాకున్న ఒకే ఒక్క పాఠకురాలు మా అమ్మాయి. పదేళ్లది. నిన్న రెండో పేజీలోనే మూసేసింది.

"తాబేలే కదా యేసు? ఈసారి కూడా ముందే తెలిసిపోతే ఇంక నీ కథలు చదవను నాన్నా."

రాత్రంతా అదే బాధ.

నిషేధం: గొర్రెలు, రొట్టెలు, వడ్రంగులు, పన్నెండు అనే సంఖ్య.

మార్చి 4. ఉదయం 7:00

పదకొండు పేజీలు! నా డ్రాగన్ తిండిపోతు, కోపిష్ఠి. ఎవరినీ రక్షించదు. భలే!

మార్చి 7. సాయంత్రం 4:30

డ్రాగన్ ఒక కుంటివాడి కాలు బాగుచేసింది. నేను చేయించలేదు, దానంతట అదే చేసింది. వైద్యం తెలిసిన డ్రాగన్ అనుకుంటే పోలా? డాక్టర్లందరూ యేసులా ఏంటి?

మార్చి 9. ఉదయం 10:15

మా బావ పాస్టరు. నవలలోకి యేసు రాకుండా ప్రార్థన చెయ్యమని అడిగాను.

"రావద్దని ఆయన్నే అడగమంటావా?"

పాపం, చేశాడు. చివర్లో 'నీ చిత్తమే జరగనీ ప్రభువా' అనేశాడు. అక్కడే కొంప మునిగింది.

మార్చి 12. మధ్యాహ్నం 1:20

డ్రాగన్‌ని పక్కకు నెట్టి దాని వంటవాణ్ణి నాయకుణ్ణి చేశాను. పిరికివాడు, అబద్ధాలకోరు. సైనికులు డ్రాగన్‌ని కట్టి తీసుకుపోతుంటే, అదెవరో తెలియదంటాడు. మూడుసార్లు. తర్వాత కోడి కూస్తుంది. వంటవాడి ఇంట్లో కోడి ఉండదా?

డ్రాగన్ తిరిగొస్తుంది. వంటవాడు గోడవెనక నక్కి ఏడుస్తాడు. డ్రాగన్ అతన్ని క్షమించే పేజీ కూడా రాశాను. చింపేశాను. క్షమిస్తే దొరికిపోతాను. సమాప్తం!

మార్చి 14. మధ్యాహ్నం 2:00

అమ్మాయి చదువుతోంది. రెండో పేజీ దాటింది. యాభై దాటింది! వంటింట్లోకెళ్లి మా ఆవిడ ముందు గంతులేశాను.

సాయంత్రం 5:40

తలుపేసుకుంది. మా ఆవిడ లోపలికెళ్లి కనుక్కొచ్చింది. అది యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు కథేనట. సండే స్కూల్లో చెప్పిందేనట. కోడి కూయగానే తెలిసిపోయిందట. అయినా చదవడం ఆపలేకపోయిందట.

నేను ఆనందించేలోపే అమ్మాయి బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అతన్ని అలా వదిలేశావేంటి? ఏడుస్తున్నాడు కదా."

"క్షమిస్తే డ్రాగన్ యేసైపోతుందమ్మా."

"అయితే అవనీ. నువ్వు రాయి."

6:30

రాశాను. డ్రాగన్ తన నిప్పుతోనే చేపలు కాల్చింది, తిరిగి లేచిన యేసు పేతురు కోసం కాల్చినట్టే. వంటవాణ్ణి పిలిచి, ముందు తినమంది. ఆ మూడు అబద్ధాల ఊసే ఎత్తలేదు. అమ్మాయి ఆ కాగితం రెండుసార్లు చదువుకుని నా భుజంమీద తల పెట్టింది. నాకూ ఏడుపొచ్చింది. నిర్ణయం గంగలో కలిసింది.

మార్చి 16, సోమవారం. ఉదయం 6:10

నిర్ణయం! కొత్త నవల. డ్రాగన్లు, కోళ్లు, చేపలు, ఏవీ లేవు. ఒక పోస్టాఫీసు, అందులో దెయ్యాలు. ఈసారి యేసు రాడంటే రాడు!

అమ్మాయి పళ్లు తోముకుంటూ వచ్చి, నా వెనక నిలబడి మొదటి వాక్యం చదివింది.

"ఎవరొస్తారో నాకు తెలుసులే నాన్నా. ఎప్పుడొస్తాడో మాత్రం చెప్పకు."